నేరేడు రంగు సైకిలు

యాభై దాటాక సూరిబాబుకి రంగు కొట్టడం నేర్చుకోవలసి వచ్చింది. అంతవరకూ అతను తుమ్మపాల దగ్గర ఒక చెరుకు గానుగలో బెల్లం వండేవాడు. ఆ గానుగ మూతపడ్డాక, అనకాపల్లిలో బళ్లకు రంగులేసే షెడ్డున్న బావమరిది అయ్యప్ప వచ్చి, "ఇంట్లో కూకుని ఏటి సేత్తావు బావా, నాతో రా" అన్నాడు. సూరిబాబు వెళ్లాడు.

మొదట్లో గోకుడు పనే దక్కింది. పాత రంగు గీకడం, తుప్పు వదిలించడం, నీళ్లలో తడిపిన వాటర్ పేపరుతో రుద్దడం. వేసవి మొదలయ్యే వేళ సుచిత్ర అనే ఆటల టీచరు ఎలమంచిలి నుంచి తన పాత సైకిలు తెచ్చింది.

"నేరేడు పండు రంగు కావాలి బాబాయ్. చెట్టు మీంచి అప్పుడే తెంపినట్టు నిగనిగలాడాలి."

అయ్యప్ప బావ వైపు చూశాడు. "ఇది నువ్వే సెయ్యి."

సూరిబాబు భాగాలన్నీ ఊడదీశాడు. ఫ్రేమునీ, ఫోర్కునీ, మడ్‌గార్డుల్నీ ఇనుము తెల్లగా తేలేదాకా రుద్దాడు. వేళ్ల జిడ్డు కూడా మిగలకుండా థిన్నరు గుడ్డతో తుడిచాడు. ప్రైమరు కొట్టి మళ్లీ నున్నగా రుద్ది, పలచటి పొరలుగా రంగు వేశాడు. రంగు బాగానే కుదిరింది. ఇక పైన మెరుపునిచ్చే, రంగులేని క్లియరు పూత మిగిలింది.

అదే అతన్ని ఏడిపించింది. మొదటిసారి మడ్‌గార్డు కమలా తొక్కలా గుంటలు గుంటలుగా తేలింది. రుద్దేసి, రంగు చిమ్మే గన్ను దగ్గరగా పెట్టి మళ్లీ కొడితే ఈసారి చారలుగా కారిపోయింది.

"నా వల్ల కాదురా అయ్యప్పా."

"నీ సెయ్యి తిన్నగానే ఉంది బావా. ఎండ సూడు ఎలా కాత్తన్నాదో! క్లియరు దారిలోనే సగం ఆరిపోయి బొట్లు బొట్లుగా పడతన్నాది. పడ్డాక పరుసుకోడానికి దానికి తడుండాలి కదా. నెమ్మదిగా ఆరే థిన్నరు కలుపు. రేపు ఎండెక్కకముందే కొడదాం."

మర్నాడు పొద్దున్నే దుమ్ము లేవకుండా షెడ్డు నేల తడిపారు. సూరిబాబు మాస్కు కట్టుకుని, మడ్‌గార్డు అంచుకి అవతల గాల్లోనే గన్ను నొక్కి, ఎక్కడా చెయ్యి ఆపకుండా ఇవతలి అంచు దాటించాడు. పలచగా ఒక పొర వేశాక, అది వేలికి అంటీ అంటనట్టు అయ్యేదాకా ఆగి, రెండో పొర తడితడిగా వేశాడు.

మడ్‌గార్డంతా సన్నటి నూక చల్లినట్టయింది. ఇదీ చెడిందనుకున్నాడు. మళ్లీ గన్ను ఎత్తబోతే అయ్యప్ప చెయ్యి పట్టుకున్నాడు.

"ముట్టకు. సూడు."

సూరిబాబు చూశాడు. ఒక నూక అంచు కరిగి పక్కదాని మీదికి ఒరిగింది. ఆ రెండూ కలిసి మూడోదాన్ని కలుపుకున్నాయి. లోపలినుంచి ఎవరో దుప్పటి అంచు పట్టి మెల్లగా లాగుతున్నట్టు ముడతలన్నీ సర్దుకుంటున్నాయి. గాలి లేదు. ఎవరి చెయ్యీ పడలేదు. తనంతట తానే చదునవుతోంది. అంతలో ఆ ఊదారంగు లోతుల్లోంచి పైకప్పు రేకు తేలింది, దాని చిల్లులోంచి ఆకాశం తేలింది, చివరికి మాస్కు కట్టుకున్న ఒక మొహం తేలింది. అది తనదేనని పోల్చుకోవడానికి అతనికి కాస్త టైము పట్టింది.

పొంగే పాకం రంగు మారడం అతను జీవితమంతా చూశాడు. దానికి నిప్పుంది, కలియబెట్టే మనుషులున్నారు. ఈ చల్లటి ఇనుముకి ఎవరు చెప్పారు ఇలా అవ్వమని?

"అయ్యప్పా, పెతీసారీ ఇలాగే అవుతాదా?"

"కుదిరిన రోజున అవుతాది."

"అయితే నువ్వు రోజూ సూత్తన్నావా దీన్ని?"

అయ్యప్ప మడ్‌గార్డు మీదికి వంగి చూశాడు. "మొదట్లో సూసేవోణ్ణి. తరవాత... పన్లో పడి మానేసేను బావా."

ఫ్రేముకి క్లియరు కొట్టాక, బావ పక్కనే అయ్యప్ప కూడా గొంతుక్కూర్చున్నాడు. నూకలన్నీ నీటిలా కలిసిపోయేదాకా ఇద్దరూ చూశారు.

వారం పోయాక సుచిత్ర వచ్చింది. ముట్టుకుంటే మాసిపోతుందన్నట్టు చేతులు వెనక్కి పెట్టుకుని సైకిలు చుట్టూ తిరిగింది. "బాబాయ్, ఇది నా సైకిలేనా?" అని, సీటు మీదికి ఎక్కి తొక్కుకుంటూ బజారులోకి దిగింది.

వెనక మడ్‌గార్డు మీద కొట్ల పరదాలు, ఒక ఎర్ర ఆటో, కరెంటు తీగలు, మబ్బు తునక, వీధి వీధంతా వంకీలు తిరుగుతూ పారిపోతోంది. సూరిబాబు మలుపు దాకా దాని వెనకే నడిచాడు.