సాగనంపు దరువు

శివప్రసాద్ విశాఖ నుంచి కారు నిండా సామాను తెచ్చాడు. ల్యాప్‌టాప్, సింథసైజర్, మిక్సర్, రెండు మైకులు, చుట్టలు చుట్టిన కేబుళ్ళు. వాటన్నిటికంటే భద్రంగా దుప్పటిలో చుట్టి తెచ్చింది మాత్రం శాంప్లర్ అనే చిన్న పెట్టె. దాని మీద వరుసగా రబ్బరు మీటలుంటాయి. ఏ చప్పుడైనా అందులో దాచుకుని మీట నొక్కితే మోగుతుంది. ఆపేవరకు అదే ముక్క తిరిగి తిరిగి మోగుతూనే ఉంటుంది.

అరకు దగ్గర మా ఊరి కిందనున్న రిసార్టులో నేను ఉద్యోగం చేస్తున్నాను. శనివారం సాయంత్రం అక్కడ అతని సంగీత ప్రోగ్రాం. అందులోకి కొండ దరువు కావాలన్నాడు. మా నాన్న పేరు సోంబరు. తుడుము అనే తోలువాద్యం వాయిస్తాడు కాబట్టి, మేనేజర్ చెప్పగా అతన్ని మా ఇంటికి తీసుకెళ్ళాను.

అచ్చియమ్మ పెద్దమ్మ అరుగు మీద చోళ్ళు చెరుగుతోంది. పెట్టెను చూసి చేట పక్కన పెట్టింది.

"ఇన్ని బొత్తాలేటి బాబూ? సొక్కా కుట్టుకోడం మరిసిపోనావేటి?"

"ఇదీ తుడుములాంటిదేనమ్మా. కరెంటు తుడుము."

"మా తుడుముకి కరెంటక్కర్లేదు. నిప్పు సెగ సాలు," అన్నాడు నాన్న.

పెద్దమ్మ మా ఊరి గురుమాయి. పండగకి నాన్న పిలుపు దరువు కొడితే కొండదేవత ఆమె ఒంటిమీదికి వస్తుంది. సాగనంపు దరువు కొడితే దిగిపోతుంది. రెండోది కొట్టకుండా మొదటిదాన్ని ఎవరూ విడిచిపెట్టరు. నిరుడు పెద్దమ్మ గుండెకు ఆపరేషన్ అయింది. ఇక పూనకంలో ఆడితే ప్రాణానికే ముప్పని డాక్టరు నాతోనే చెప్పారు. అప్పటినుంచి ఊళ్ళో ఆ దరువు వినబడలేదు.

శివప్రసాద్‌కి కావలసింది అదే. చివరికి నాన్న పెద్దమ్మను సంతకు పంపి, తలుపులు మూసి, తుడుము మీద తువ్వాలు కప్పి వాయించాడు. పిలుపు, ఆ వెంటనే సాగనంపు, ఆఖరి దెబ్బ దాకా.

"పిలిసినాం, పంపేసినాం. ఇంక బయమేటీ లేదు," అన్నాడు చేతులు కడుక్కుంటూ.

పెట్టెలోకి వెళ్ళిన దరువు కూడా తను కొట్టినట్టే ఉంటుందని నాన్న నమ్మకం. దాన్ని కోసి, కావలసిన ముక్క ఉంచుకుని మిగతాది పక్కన పడేయవచ్చని ఆయనకు తెలియదు.

శనివారం పొద్దు వాలుతుండగా రిసార్టు పచ్చికలో నిలువెత్తు స్పీకర్లు మోగడం మొదలుపెట్టాయి. కాసేపు సింథసైజర్ ఈదురుగాలిలా ఊదింది. తర్వాత శివప్రసాద్ ఒక మీట నొక్కాడు.

నాన్న దరువు. పిలుపు ఒక్కటే. అదీ మనిషి చేతికి అందని వేగంలో. ముగిసిందనుకునే లోపు మళ్ళీ మొదటికొస్తోంది. నేలలోంచి అరికాళ్ళకు తగులుతోంది. టూరిస్టులు లేచి చేతులూపారు.

నేను కొండవైపు చూశాను. కాఫీ తోటల మధ్య దారిలో తెల్లచీర ఒకటి కిందికి వస్తోంది. అది నడక కాదు. వెనకాలే నాన్న తుడుము పట్టుకుని పరుగెత్తుతున్నాడు.

"ఆపీ! బేగి ఆపీ! ఏటి సేత్తన్నావురా బాబూ!"

శివప్రసాద్ ఆపాడు. స్పీకర్లు మూగబోయాయి. పెద్దమ్మ ఆగలేదు. గేటు దాటి పచ్చికలోకి వచ్చేసింది. కళ్ళు తెరిచే ఉన్నాయి గాని ఎవరినీ చూడటం లేదు. లేని చప్పుడుకు, ఆ వేగానికే, పాదాలు పడుతున్నాయి. ఇదీ ప్రోగ్రామేననుకుని జనం ఫోన్లు తీశారు.

నాన్న సాగనంపు అందుకున్నాడు. ఆమె వినిపించుకోలేదు.

"నా సేతులు సాలట్లేదే హేమా! ఈ పరుగు నాది కాదు. ముందు అమ్మోరి పరుగు అందుకోవాల. అప్పుడే దింపగలం," అని నాకేసి అరిచాడు.

నేను శివప్రసాద్ దగ్గరికెళ్ళాను. "రెండో దరువు ఉందా, చెరిపేశారా?"

"ల్యాప్‌టాప్‌లో ఉంది. నాకు అక్కర్లేదని..."

"పెట్టండి. ఇందాకటి వేగంలోనే."

అతను దాన్ని పెట్టెలోకి ఎక్కించాడు. సాగనంపు దరువు పిచ్చి వేగంతో మోగింది. పెద్దమ్మ తల అటు తిరిగింది. అతను వేగం గుండీని రవ్వంత రవ్వంత వెనక్కి తిప్పాడు. పాదాలు దాని వెంట దిగివచ్చాయి. చేతికందే వేగానికి రాగానే నాన్న తన తుడుమూ కలిపాడు. పెద్దమ్మ మోకాళ్ళ మీద కూలింది. పరుగెత్తి ఒళ్ళోకి తీసుకున్నాను.

మణికట్టు పట్టుకుని చూశాను. పాదాలు ఆగాయి. నాడి ఆ పరుగులోనే ఉంది.

108 వచ్చింది. తుడుము లోపలికి కుదరదన్నాడు అందులోని ఉద్యోగి. శివప్రసాద్ తన హెడ్‌ఫోన్స్ తీసి పెద్దమ్మ చెవులకు పెట్టి, పెట్టెను ఒళ్ళో పెట్టుకుని బండిలో కూర్చున్నాడు.

"ఆఖరి దెబ్బ దాకా ఇనిపించండి," అన్నాడు నాన్న తలుపు పట్టుకుని. "మజ్జిలో ఒగ్గీకండి."

ఘాట్ రోడ్డు దిగుతున్నాం. అతను గుండీ తిప్పుతున్నకొద్దీ నా వేలి కింద నాడి నెమ్మదించింది. "బాగానే దిగుతోందండీ," అన్నాడు ఉద్యోగి. ఇంకా దిగింది. సాగనంపు దరువు చివర దెబ్బకీ దెబ్బకీ మధ్య ఎడం పెరుగుతూ పోతుంది. నాడి కూడా ఆ ఎడమే తీసుకుంటోంది. ఆఖరి దెబ్బ తర్వాత ఏమీ ఉండదు.

"ఇంక ముందుకు పోనివ్వకండి," అన్నాను. "ఈ ముక్కనే మళ్ళీ మళ్ళీ తిప్పండి."

"మీ నాన్నగారు చివరిదాకా అన్నారు కదా!"

"చివరిదాకా వెళ్తే మా పెద్దమ్మ కూడా వెళ్ళిపోతుంది. తిప్పండి."

అతను మీట నొక్కాడు. ముక్క మళ్ళీ మొదటికొచ్చింది. నాడి కొట్టుకుంది. కాస్త ఆగి మళ్ళీ కొట్టుకుంది.

మలుపులో బండి ఒరిగినప్పుడు పెద్దమ్మ కళ్ళు తెరిచింది. నన్ను నిదానంగా చూసింది. గుర్తుపట్టలేదు.

"పిలిసినోలు పంపరేటి?" అంది. పండగనాడు తప్ప నేనెప్పుడూ వినని గొంతు అది.

శివప్రసాద్ వేలు మీట మీదే ఉంది. ఏం చేయమంటారన్నట్టు నా వంక చూశాడు.

ఆ ముక్కను ఆపవద్దని తల అడ్డంగా ఊపాను.