ఇంట్లోనే ఉంటాది

ఏసుదాసు సద్దిమూటలో బెల్లం ముక్క పెట్టడం ముత్యాలమ్మ ఏనాడూ మరవలేదు. బెల్లం తింటే గొంతులో దుమ్ము కిందికి దిగిపోతుందని పెనుకొండలో ఇళ్లు కట్టే బేల్దారులందరికీ ఒకటే నమ్మకం. మిషన్‌తో బండలు కోసే మొగుడికి బెల్లం. కోసిన దుమ్ము ఊడ్చి, ఖాళీ సిమెంటు సంచులు విదిలించి, ఇసుక జల్లించే పెళ్లాం చేతికంటుకున్నది నాక్కుంటే చాలు. ఆమె తనకని పెట్టుకోనూ లేదు, ఆయన అడగనూ లేదు. మనిషి మంచివాడే పాపం, తాగడు, తిట్టడు. పెళ్లానికీ ఒక గొంతుంటుందని ఆయనకు తోచలేదంతే.

ఆ గొంతే ముత్యాలమ్మ సొత్తు. ఆదివారం చర్చిలో పాటెత్తుకునేది ఆమే. ఈమధ్య చరణం సగంలోనే దమ్ము చాలడం లేదు. వయసైతాందిలే, పాట పిల్లోళ్లకు వదిలెయ్ అన్నాడు ఏసుదాసు, ఓదార్పు అనుకుని. ఆమె మనసు చివుక్కుమంది.

ఆయన దగ్గు తగ్గకపోతే హిందూపురం ఆస్పత్రికి తోడుగా పోయింది. బెల్లం సంగతి విని డాక్టరమ్మ నవ్వింది. బెల్లం పోయేది కడుపులోకి, దుమ్ము పోయేది ఊపిరితిత్తుల్లోకి, దారులే వేరు, అసలు దుమ్ము లేవకుండా చూసుకోవాలి అంది. అంతలో ముత్యాలమ్మకూ దగ్గు తెర వచ్చింది. ఈమె ఏం పని చేస్తుందని డాక్టరమ్మ అడిగితే ఏసుదాసే జవాబిచ్చాడు.

"ఏం లేదు మేడమ్, ఇంట్లోనే ఉంటాది. ఊరికే నాకు తోడొస్తాంటాది."

తిరుగు బస్సులో దారి పొడుగునా ముత్యాలమ్మ చెవుల్లో అదే మాట. ఊరికే తోడుపోయేదాన్నైతే ఇన్నేళ్లూ తట్టలెవరు మోసినట్టు? తలంటుకున్నా పోని ఈ సిమెంటు ఎవరి ఇంట్లోది? కోపం వచ్చింది. వచ్చిన కోపం ఊరికే రాలేదు, ఒక ఆలోచననూ వెంటబెట్టుకొచ్చింది. నీళ్లు చల్లకుండా ఏ ఆడది వాకిలి ఊడుస్తుంది? మరి పనికాడ పొడిగా ఎందుకు ఊడుస్తున్నట్టు?

మరునాడు చీపురుకంటే ముందు బకెట్టు పట్టుకుంది. ఆ నీళ్లు గోడలు తడపడానికి తెప్పించినవని, బురదైతే పని ఆగుతుందని మేస్త్రీ రంగప్ప గొణిగాడు.

"నీళ్లు చల్లకుండా వాకిలి ఊడిస్తే మీయమ్మ ఊరుకునిందా అప్పా?" అంది ముత్యాలమ్మ, చల్లుతూనే.

రంగప్ప బకెట్టుకు దారిచ్చి పక్కకు జరిగాడు. చూస్తుండగానే తక్కిన ఆడవాళ్లూ బకెట్లు ముంచుకున్నారు. ఆ సాయంత్రం అద్దంలో చూసుకుంటే ముత్యాలమ్మ కనురెప్పల వెంట్రుకలు రోజూలా దుమ్ముతో తెల్లబడకుండా నల్లగానే ఉన్నాయి. హాయిగా అనిపించింది.

మళ్లీ ఆస్పత్రికి పోయేనాడు సద్దిలో రెండు బెల్లం ముక్కలు పెట్టింది. దుమ్ముకు కాదు, తీపి తనకూ ఇష్టమని. డాక్టరమ్మ ఏసుదాసును పరీక్షించడానికి రమ్మంది. ఆయన లేవబోతే ముత్యాలమ్మ భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టి, తానే స్టూలు మీదికి పోయి కూర్చుంది.

"నాదీ బేల్దారి పనే మేడమ్, ఇరవయ్యేండ్లాయ. ముందు నన్ను చూడండి. ఆదివారం పాటెత్తుకోవాల."