పడుకోవడానికి పెట్టె

కంటికొలతలో పెట్టెల మేస్త్రిని మించినవాడు ఈ భూమ్మీద ఇంతవరకు పుట్టలేదు, ఇక పుట్టబోడు. మనిషి వీధి మలుపు తిరిగి వస్తుంటే చాలు, నడినెత్తి నుంచి అరికాలి దాకా ఎన్ని అంగుళాలో, భుజాల దగ్గర ఎంత వెడల్పో చెప్పేసేవాడు. ముప్పై ఏళ్ళలో ఒక్కసారి కూడా గోరంత తప్పు చెయ్యలేదు. టేపులు తయారుచేసేవాళ్ళే తమ టేపు సరిగ్గా ఉందో లేదో చూపించుకోవడానికి ఆయన దగ్గరికి వచ్చేవాళ్ళంటే మీరు నమ్మరు గానీ, నమ్మితే మీ సొమ్మేం పోదు.

ఆయన చేసే పెట్టెలు బట్టలు దాచుకునేవి కావు, మనుషుల్ని సాగనంపేవి. ఒకప్పుడు కుర్చీలు, బల్లలు, తలుపులు, ఉయ్యాలలు అన్నీ చేసిన చెయ్యే అది. భార్య పోయిన నాటి నుంచి అవన్నీ మానేశాడు. చర్చి వెనక రేకుల షెడ్డులో ఉలి, రంపం, చిత్రిక పెట్టుకుని, ఎవరూ లేనివాళ్ళు, ఏమీ లేనివాళ్ళు చనిపోతే వాళ్ళకి ఊరికే పెట్టె చేసిచ్చేవాడు. చెక్క అంతా విరిగిన బెంచీలది, పీకేసిన తలుపులది. అయినా ఏదో ఒకటిలే అని చేసేవాడు కాదు. బయటకంటే లోపలివైపే ఎక్కువ శ్రద్ధగా చిత్రిక పట్టి, గరుకు కాగితంతో రుద్ది రుద్ది అద్దంలా చేసేవాడు.

"లోపల పడుకునేవాడికి పేడు గుచ్చుకుంటుందా ఏంటయ్యా?" అని చర్చి గంట కొట్టే ముసలాయన ఎగతాళి చేసేవాడు. మేస్త్రి ఇంకో గరుకు కాగితం అందుకునేవాడు. ఆయన ముఖం చూసి మేకులే భయపడి వంకరపోయేవి, ఇక మనుషులెంత!

బతికున్న పేదవాళ్ళతో ఆయనకు పొసిగేది కాదు. వాళ్ళు అడుగుతారు, ఏడుస్తారు, చేతులు పట్టుకుని వదలరు. చనిపోయినవాళ్ళతో ఆ బాధ లేదు. ఇచ్చింది తీసుకుని ఊరుకుంటారు. ఆదివారం పాస్టరుగారు పేదలమీద దయ గురించి చెబుతుంటే, వెనక బెంచీలో మేస్త్రి 'నా వంతు నేను చేస్తూనే ఉన్నాను' అనుకుని కళ్ళు మూసుకునేవాడు. అది ప్రార్థనో కునుకో ప్రభువుకే తెలియాలి.

వానలు మొదలైన వారంలో ఒక పొద్దున గంటాయన గొడుగు దులుపుకుంటూ షెడ్డులోకి వచ్చాడు. ఏళ్ళ తరబడి గంట కింద నిలబడి ఆయనకు చెవుడు పట్టింది. లోకమంతా తనలాగే ఉందనుకుని అరుస్తాడు.

"మేస్త్రీ! దుప్పట్ల అవ్వకి పడుకోవడానికి పెట్టె కావాలట!"

మేస్త్రి చేతిలో ఉలి ఆగింది. దుప్పట్ల అవ్వ ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికి ఉతికి ముసలిదైపోయిన మనిషి. చర్చిలో ముందు వరుసలో కూర్చుని, పాట మధ్యలో ఎవరి గొంతైనా పక్కకి జారితే కొంగు అడ్డం పెట్టుకుని నవ్వే మనిషి.

ఇక్కడ మేస్త్రిని తప్పుపట్టకండి. చర్చివాళ్ళ మాటల్లో ఎవరూ చచ్చిపోరు, నిద్రిస్తారు. ఫలానా ఆయన నిద్రించారు అంటే ఇంక లేవరని అర్థం. అలాంటిచోట పడుకోవడానికి పెట్టె అంటే వేరే అర్థం ఎక్కడ తడుతుంది? పైగా మన భాషలో ఆ చివర్న ఒక 'ట' ఉంది చూశారా, కావాలట, రమ్మనిందట అని, అది ఎవరన్నారో చచ్చినా బయటపెట్టదు.

"ఎప్పుడు?" అన్నాడు మేస్త్రి. ప్రాణం ఎప్పుడు పోయింది అని ఆయన ఉద్దేశం.

"సాయంత్రంలోపు! మళ్ళీ వాన పెరిగితే కష్టమట!"

సాయంత్రమే మట్టి చెయ్యాలి కాబోలు అనుకున్నాడు మేస్త్రి. అవ్వని ఆయన ఎప్పుడూ వెనక బెంచీలోంచి, కూర్చుని ఉండగా చూడడమే. "పొడుగు?"

గంటాయన తన భుజం తట్టి చూపించాడు. మేస్త్రి ఆ భుజాన్ని ఒకసారి కంటితో కొలిచాడు. ఇంకేమీ అడగలేదు. ఆ పూట తిండి మాట కూడా తలచలేదు. పాత బెంచీ పలకలు తీసి కోశాడు, అతికాడు, లోపల మామూలుకంటే ఇంకో అరగంట ఎక్కువ రుద్దాడు. ఆ నవ్వు ఇక వినపడదు కదా అని ఒకసారి అనిపించింది. చెక్కపొట్టుతోపాటు ఆ ఆలోచనని కూడా ఊదేశాడు.

మధ్యాహ్నం వాన తెరిపిచ్చింది. పెట్టెను తోపుడుబండి మీద పెట్టుకుని మేస్త్రి ముందు లాగుతూ, గంటాయన వెనక నెడుతూ బయలుదేరారు. పెట్టెను చూసి వీధి మాట తగ్గించింది. నెత్తిమీద టోపీ ఉన్నవాడు టోపీ తీశాడు. లేనివాడు ఏం తియ్యాలో తెలియక చెప్పులు తీశాడు. "ఎవరూ?" అని ఒకరడిగితే "దుప్పట్ల అవ్వ" అని ఇంకొకరు చెప్పారు. కుట్టుమిషను ఆవిడ కుడుతున్న జాకెట్టు అలాగే వదిలేసి, తెల్లగుడ్డ ఒకటి చంకన పెట్టుకుని వెనకే నడిచింది. వీధి చివరికి వచ్చేసరికి పదిమంది అయ్యారు. అందులో సగంమందికి అవ్వ ఎవరో తెలియదు. ముందువాళ్ళ ముఖాలు చూసి తామూ దిగులు ముఖాలు పెట్టారు.

అవ్వ ఉండేది మూడంతస్తుల ఇంట్లో మెట్ల కింద గది. వీధికంటే మూడు మెట్లు పల్లం. చావింటి తలుపు ఎలా తట్టాలో అలా, వేలి కణుపుతో మెల్లగా తట్టాడు మేస్త్రి.

అవ్వే తలుపు తీసింది. చీర మోకాళ్ళదాకా ఎగదోపుకుని ఉంది. చేతిలో నీళ్ళు తోడే చెంబు. పెట్టెను చూసింది, జనాన్ని చూసింది. ఆమె కళ్ళు తడి అయ్యాయి.

"అయ్యో, ఎవరు పోయారు నాయనా?"

మేస్త్రి పెట్టె వైపు, అవ్వ వైపు మార్చి మార్చి చూశాడు. చివరికి వెనకనుంచి ఎవరో, "నువ్వే అవ్వా!" అన్నారు.

"నేనా? నాకెవరూ చెప్పలేదే!"

మొదట్లో మేస్త్రి తప్పే చెయ్యలేదని చెప్పాను కదా, ఆ ముక్క కొట్టేసుకోండి. చేస్తే ఇంత తప్పు చెయ్యాలి మనిషి. బతికున్న మనిషికి పెట్టె చెయ్యడమే కాక, కొలత కూడా రెండు జానలు తేడా. గంటాయన భుజం తట్టి చూపింది నడుం వంగని రోజుల అవ్వని. ఇప్పటి అవ్వ ఆయన మోచేతికి వస్తే గొప్ప.

"ఏమయ్యా, పొద్దున నీతో ఏం చెప్పాను?" అని అవ్వ గంటాయనను నిలదీసింది.

"పడుకోవడానికి పెట్టె!"

"గదిలోకి నీళ్ళొస్తున్నాయి, సరుకులొచ్చే చెక్కపెట్టెలు ఒకటో రెండో దొరికితే వాటిమీద పడుకుంటాను, మేస్త్రిని అడుగు అన్నాను."

"నేనూ అదే చెప్పాను!"

"చెప్పావులే, తోకా తలా కోసేసి చెప్పావు."

జనం నవ్వారు. అందరికంటే ఎక్కువగా అవ్వే నవ్వింది. ఆ నవ్వు దగ్గులోకి తిరిగింది. దగ్గు ఆగలేదు. తలుపు చట్టం పట్టుకుని వంగిపోయింది, చెంబు జారి నీళ్ళలో పడింది. ఒకరి తర్వాత ఒకరు నవ్వు ఆపేశారు.

కుట్టుమిషను ఆవిడ ఆమె వీపు రాస్తూ మేస్త్రితో మెల్లగా అంది. "నిన్న నేనే ఆసుపత్రికి తీసుకెళ్ళాను. ఛాతీ నిండా నెమ్మేనంట. ఇంకొక్కసారి తడి నేలమీద పడుకుంటే ఈసారి నిజంగానే పెట్టె చేయించుకోవాలని నర్సమ్మ మొహమ్మీదే చెప్పింది. మా ఇంటికి తీసుకెళ్దామంటే, మాకే కూర్చుని నిద్రపోవాల్సిన చోటు."

మేస్త్రి గదిలోకి తొంగిచూశాడు. నేలంతా చీలమండ లోతు నీళ్ళు. చుట్టచుట్టిన పరుపు ఒక బకెట్టు మీద, ఆ పరుపు మీద చిన్న బట్టలమూట, ఆ మూట మీద కళ్ళజోడు. పైన ఆకాశం మళ్ళీ నల్లబడుతోంది. అందరూ తన వైపే చూస్తున్నారని ఆయనకు తెలుస్తూనే ఉంది. చెవులు కాలిపోతున్నాయి.

"బండి తిప్పు," అన్నాడు గంటాయనతో. "ఇది పెట్టె. మంచం కాదు. నేను మంచాలు చెయ్యను. రేపెవరినైనా పంపిస్తాలే."

"అలాగే నాయనా," అంది అవ్వ. ఆ గొంతులో ఎత్తిపొడుపు లేదు. "ఇంత దూరం లాక్కొచ్చావు. ఒక్కసారి చూడనీ."

మెట్లెక్కి వచ్చి, మూత జరిపి, చెయ్యి కొంగుకి తుడుచుకుని పెట్టె లోపల పెట్టింది. అడుగు పలకమీద ఈ చివరనుంచి ఆ చివరకు నిమిరింది. మళ్ళీ నిమిరింది.

"ఎంత నున్నగా ఉంది! ఇన్నేళ్ళు దుప్పట్లు ఇస్త్రీ చేశాను, ఒక్క దుప్పటీ ఇంత నున్నగా రాలేదు. లోపల ఎవరు చూస్తారని ఇంత కష్టపడ్డావు నాయనా?"

ముప్పై ఏళ్ళుగా ఎన్ని పెట్టెలు వెళ్ళాయో! లోపలి నునుపు తెలిసిన చెయ్యి ఇదే మొదటిది. మేస్త్రి బండి కర్ర వదిలేశాడు.

"మా ఆవిడ పెట్టె గరుకుగా ఉండిపోయింది పెద్దమ్మా," అన్నాడు. "ఆ రోజు చేతులు వణికాయి. చిత్రిక పట్టలేకపోయాను. అలాగే పంపించేశాను."

ఆ మాట ఆయన గంటాయనతో చెప్పలేదు, పాస్టరుగారితో చెప్పలేదు. వీధిలో పదిమంది ముందు చెప్పాడు.

అవ్వ తన చెయ్యి ఆయన చేతిమీద పెట్టింది. "ఆమెకి గుచ్చుకుని ఉండదు నాయనా. ఆ పేడు నీకే గుచ్చుకుంది."

మేస్త్రి చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

మాటలు మరీ బరువెక్కితే అవ్వకు గిట్టదు. కుట్టుమిషను ఆవిడ భుజం ఆసరా చేసుకుని బండి ఎక్కి, పెట్టెలో దర్జాగా పడుకుంది. కాళ్ళు చాపింది, తల అటూఇటూ తిప్పి చూసింది.

"రెండు జానలు మిగిలింది మేస్త్రీ. ఎవరినైనా తోడు తీసుకెళ్ళమంటావా? గంటాయన పడతాడు!"

మేస్త్రి నవ్వాడు. ఆ నవ్వు తుప్పుపట్టిన మడతబందుల తలుపు తెరిచినట్టు కిర్రుమంటూ, ఆగి ఆగి బయటికొచ్చింది. గంటాయన కూడా ఆ చప్పుడు విని ఏది విరిగిందోనని బండి కింద చూశాడు.

"దిగు పెద్దమ్మా," అన్నాడు మేస్త్రి. "కాళ్ళు పెట్టాలి."

"నాకా?"

"మంచానికి!"

ఇంతలో వాన మళ్ళీ అందుకుంది. పెట్టెను ఇంటి చూరు కిందికి లాగి, గంటాయనను పంపి షెడ్డులోంచి రంపం, సుత్తి తెప్పించి, పక్కపలకలు ఊడదీశాడు. వాటిని ముక్కలు కోసి, రెండేసి కలిపి మేకులు కొట్టి నాలుగు మంచంకోళ్ళు చేశాడు. అడుగు పలకని రెండు జానలు తగ్గించాడు. తలవైపు చెక్క అలాగే ఉంచాడు, వీపు ఆనించుకోవడానికి. చావుకి వచ్చినవాళ్ళు ఊరికే నిలబడలేక చెంబులు, బకెట్లు తెచ్చి గదిలో నీళ్ళు తోడసాగారు. పెట్టె మూతని గడపకి అడ్డంగా బిగించి, సందుల్లో గుడ్డపేలికలు కుక్కారు.

అవ్వ మెట్టుమీద కూర్చుని పని పురమాయిస్తోంది. "ప్రభువు కూడా వడ్రంగే కదా మేస్త్రీ. ఆయన పెట్టెలు చేసేవాడా, మంచాలు చేసేవాడా?"

పళ్ళమధ్య మేకులతో మేస్త్రి జవాబు చెప్పాడు. "ఆ రోజు ఎవరికి ఏది లేకపోతే అది చేసుంటాడు."

చెప్పాక సుత్తి ఒక్క క్షణం గాలిలో ఆగింది. తన మాట తనకే తగిలింది కాబోలు.

సందెవేళకి మంచం గదిలో నిలబడింది. శవం మీద కప్పడానికని తెచ్చిన తెల్లగుడ్డ కుట్టుమిషను ఆవిడ దానిమీద పరిచింది. అవ్వని ఎక్కించారు. ఆమె కాళ్ళు పైకి ముడుచుకుని, చేతులు జోడించింది. అందరూ తలలు వంచారు.

"ప్రభువా, ఇంతమంది నా చావుకొచ్చారు. బతికుండి వీళ్ళందరినీ నిరాశపరిచాను, క్షమించు. ఈ మేస్త్రి లోపల ఉన్న పేడు నువ్వే మెల్లగా తియ్యి. నా చేతులకి అంత ఒడుపు లేదు. ఆమెన్."

అందరూ ఆమెన్ అన్నారు. మేస్త్రి గొంతు ఒక్కటే కాస్త ఆలస్యంగా వచ్చింది. ఆ మాట పూర్తవగానే, ఎవరో పంపు కట్టేసినట్టు వాన టక్కున ఆగిపోయింది.

ఆ తర్వాత నుంచి ఎవరైనా పెట్టె కావాలని వస్తే మేస్త్రి పొడుగు అడగడం మానేశాడు. "మనిషి ఎలా ఉన్నారు?" అని అడిగి, చొక్కా తొడుక్కుని చూడ్డానికి తానే బయలుదేరేవాడు. కొన్నిచోట్లకి ఆలస్యంగా వెళ్ళేవాడు. కొన్నిచోట్లకి సమయానికే వెళ్ళేవాడు.

ఇక ఒక్కటి ఒప్పుకోవాలి. వాన ఆగిందని చెప్పాను చూశారా, అది నేను కల్పించింది. ఆగలేదు. ఇంకో నాలుగు రోజులు ఏకధారగా కురిసింది. మూత అడ్డంపెట్టినా నీళ్ళు లోపలికి వచ్చాయి, మంచం కిందనుంచి వచ్చినంత వచ్చి పోయినంత పోయాయి. అవ్వ వాటికి పైన, పొడి గుడ్డమీద, గోడవైపు తిరిగి నిద్రపోయింది. రోజూ పొద్దున్నే మేస్త్రి మోకాళ్ళదాకా తడుస్తూ వచ్చి, మంచం కోడుమీద నీళ్ళెంతవరకు ఉన్నాయో పెన్సిలుతో గీత పెట్టి, "ఇంకా జానెడుంది, పడుకో పెద్దమ్మా" అని చెప్పి వెళ్ళేవాడు.