పాటలో పేరు పెట్టే చోటు

దేవకమ్మ తెల్లారి లేస్తే ముందు బర్రె దగ్గరికి పోతుంది, అది అయ్యాక పొయ్యి దగ్గరికి, ఆ తర్వాత అరుగు మీదికి. సీతారామపురం రోడ్డులో ఉన్న ఆ ఊళ్లో ఆమె ఏ వేళకు ఎక్కడ ఉంటుందో అందరికీ తెలుసు. అందుకే బిడ్డను ఉయ్యాల్లో వేసేవాళ్లు ఆమె అరుగు మీద కూర్చుని సద్ది తాగే వేళకే వచ్చేవాళ్లు. తాంబూలం పెట్టి, ఫలానా రోజు మా ఇంట్లో పేరు పాడాలమ్మా అని చెప్పి పోయేవాళ్లు. రెడ్ల ఇళ్లు, సాయిబుల ఇళ్లు, చర్చి వీధి ఇళ్లు, అన్నీ ఆమె పాడిన ఇళ్లే.

పేరు పాడటం అంటే ఏమిటో బయటివాళ్లకు కాస్త విడమరిచి చెప్పాలి. ఆ పక్కల పుట్టిన బిడ్డకు పేరు పెడితే చాలదు, పాడాలి. పాట చిన్నదే.

కొండ దిగి ఎండొచ్చి గడపలో నిలిచె
లోన ఉన్నది ఎవరని నిన్నడుగుతుంటే
ఏమని చెప్పుదునే...

ఇక్కడ పేరు వస్తుంది. ఆ పేరు చెవిన పడగానే బిడ్డ తల తిప్పుతుంది. అప్పటినుంచి చచ్చేదాకా ఆ పేరుకే పలుకుతుంది. పాడని బిడ్డను గొంతు చించుకుని పిలిచినా తిరిగి చూడదు. కొత్తగా వచ్చిన నర్సమ్మలు చెవులు పరీక్ష చేయించమని ఆత్మకూరుకు చీటీ రాసిచ్చేవాళ్లు. డాక్టరు చూసి, చెవులు బాగానే ఉన్నాయి, పాడించలేదా ఇంకా అని అడిగి పంపించేవాడు.

ఈ పాటకు ఇంకో కట్టుబాటు ఉంది. ఉయ్యాల, అందులో బిడ్డ లేకుండా ఆ చోట మనిషి పేరు పలకకూడదు. పలికితే, ఆ పేరుగలవాళ్లు ఎక్కడున్నా చేతిలో పని వదిలేసి వచ్చేస్తారు. మరి నేర్చుకునే పిల్లలు ఏం చేయాలి? చెంబు పేరో, రోలు పేరో పెట్టి పాడుకునేవాళ్లు. దేవకమ్మ చిన్నప్పుడు వాళ్లింటి రోలుకు ఏడాది పొడుగునా పాడింది. పాపం, ఆ రోలు ఉన్నచోటు నుంచి కదల్లేదు. ప్రాణం లేనిదానికి పాడితే తప్పులేదని అందరూ నమ్మినారు, ఆమె కూడా నమ్మింది. తర్వాత జరిగిన పొరపాటుకు ఈ నమ్మకమే కారణం.

దేవకమ్మ అన్న కొడుకు చైతన్య. ఆత్మకూరులో ఆర్కెస్ట్రా నడుపుతాడు. పెళ్లిళ్లకు డీజేలు వచ్చి పడ్డాక అతనికి గిరాకీ తగ్గింది. ఒకరోజు కారు తీసుకుని వచ్చి, అత్తా, నీ పాట రికార్డు చెయ్యాల, ఒక కంపెనీవాళ్లు అడిగినారు అన్నాడు. ఆత్మకూరులో మేడమీద గదిలో, గోడల నిండా పరుపులు బిగించిన చోట మైకు ముందు కూర్చోబెట్టాడు. పేరు దగ్గరికి రాగానే ఆమె ఆగిపోయింది. బిడ్డ యాడరా అని అడిగింది. బిడ్డ లేదన్నాడు. అట్లయితే చెంబు పేరు పెడతానంది. చెంబెందుకు, ఇది పెట్టు అని ఒక డబ్బా చూపించాడు. పిల్లలు పాలల్లో కలుపుకుని తాగే పొడి. దాని పేరు టింబో. ఆమె నవ్వింది. రోలుకు పాడిన దానికి డబ్బాకు పాడటం ఒక లెక్కా? మూడుసార్లు టింబో అని పాడి, వాళ్లిచ్చిన చీర చంకన పెట్టుకుని బస్సెక్కింది.

ఆమె మరిచిపోయిందేమంటే, రోలు వంటింట్లోనే ఉంటుంది. టీవీ అట్లా కాదు. ప్రతి ఉయ్యాల పక్కకూ వచ్చి పాడుతుంది.

ప్రకటన మొదటిసారి వచ్చినప్పుడు ఊరంతా సంబరపడింది. అది మన దేవకమ్మ గొంతేనని వరికుంటపాడు దాకా చెప్పుకున్నారు. తర్వాత పక్కింటి బీబమ్మ కూతురికి కొడుకు పుట్టాడు. ఉయ్యాల కట్టారు, చక్కెర పంచారు. దేవకమ్మ మొదటి రెండు పాదాలు పాడి, ఏమని చెప్పుదునే సాహిల్ అని ముగించింది. బిడ్డ పైకప్పు చూస్తూ ఉండిపోయాడు. మళ్లీ పాడింది. కదల్లేదు. ఇంతలో ఎదురింటి టీవీలో ఆమె గొంతే టింబో అని పలికింది. బిడ్డ గిర్రున తల తిప్పి బోసినోటితో నవ్వాడు.

బీబమ్మ ఉయ్యాలకు కట్టిన పూలదండ విప్పి మడిచి పెట్టుకుంది.

ఆ నెలలో ఆ చుట్టుపక్కల ఏ ఉయ్యాల దగ్గర పాడినా అదే తంతు. ఇంకా పేరు పాడించని, పాకే వయసు పిల్లలైతే అంగడి ముందు పోతుంటే చంకలోంచి డబ్బాల వైపు చేతులు చాపి దూకేవాళ్లు. తల్లులు ఏడ్చారు, తర్వాత కొన్నారు. టింబో వ్యాను వారానికోసారి వచ్చేది కాస్తా రోజూ రావడం మొదలుపెట్టింది.

ఇక అరుగు దగ్గరికి తాంబూలం పట్టుకుని ఎవరూ రాలేదు. మాటలు మాత్రం వచ్చాయి. ముసలిది చీరకు పాట అమ్ముకుందని బావి దగ్గర ఒకామె అంటే, ఇంకొకామె పిల్లల్నే అమ్మిందిలే అంది. దేవకమ్మకు కడుపు మండింది. కూతురి పెళ్లికి ఒంగోలు నుంచి డీజే తెప్పించుకుని, పెళ్లిపాట పాడటానికి పోయిన దేవకమ్మను ఆ మోతలో మూలన కూర్చోబెట్టి, ఒక రవికె గుడ్డ చేతిలో పెట్టి పంపించిన మనిషే ఈ మాట అన్నది. అన్నది నిజం కావడంతో మంట రెట్టింపయింది. బర్రెకు మేత వేసి, తలుపు గొళ్లెం పెట్టి, ఆత్మకూరు బస్సెక్కింది.

మేడమీదున్న చైతన్య ఇంట్లో అతని భార్య అశ్విత పచ్చి బాలింత. ఆడపిల్ల. ఆదివారం ఉయ్యాల్లో వేయాలని, పెంచలకోన స్వామికి మొక్కుకుని హాసిని అని పేరు కూడా అనుకున్నారు. అత్త వచ్చిందంటే పిలవకముందే పాడటానికి వచ్చిందనుకుని చైతన్య సంతోషంగా కుర్చీ వేశాడు.

"కూర్చోను. ఆ పాట ఆపించు."

అతనికి విషయం తెలుసు. తెలిసీ తెలియనట్టు ఉన్నాడని ఆమెకు అప్పుడే అర్థమైంది. ఆపడం తన చేతిలో లేదన్నాడు. అయిదేళ్లకు రాసిచ్చినానన్నాడు. పల్లెల్లో పిల్లలు తిరిగి చూడకపోతే కంపెనీకేం పట్టిందన్నాడు. ఆమె తిట్టడం మొదలుపెట్టింది. మీ తాత ఈ పాట పాడినందుకు ఎవరింట్లోనూ చెయ్యి చాపలేదురా, నువ్వు డబ్బాకు తాకట్టు పెట్టినావే అంది. ఆ మాటతో అతనికీ రేగింది.

"తాత చెయ్యి చాపలేదు, అందుకే మా నాయన హోటల్లో ప్లేట్లు కడిగినాడు. ఊరోళ్లు నీకేమిచ్చినారత్తా? చెప్పు. పాటంటే ప్రాణమంటారు, పెళ్లికి డీజేని పిలుస్తారు. నా బ్యాండు పిల్లోళ్లు ముగ్గురు ఆటోలు తోలుతా ఉండారు. ఒక్క కంపెనీ వచ్చి, నీ పాటకు ధర ఉందిరా అన్నది. నేను ఇచ్చినాను. దాన్ని అమ్ముకోవడం అంటావా, అను. అన్నం పెట్టింది అదే."

అతనన్నది న్యాయమే. న్యాయమైన మాట విన్నప్పుడు మనిషికి కోపం తగ్గాలి. దేవకమ్మకు తగ్గలేదు, ఎక్కువైంది. అందులో సగం ఊరి మీదికి మళ్లింది, సగం అతని మీదే ఉండిపోయింది.

అప్పుడే కింద సెల్‌ఫోన్ల అంగట్లో ప్రకటన మోగింది. లోపలి గదిలో మంచం మీద పడుకున్న పసిబిడ్డ, ఇంకా మెడ నిలవని బిడ్డ, తల తిప్పింది. అశ్విత చూసింది. ఆమె లేచి వాకిట్లోకి వచ్చింది. గొంతు పెంచకుండా మొగుడిని అడిగింది.

"నా బిడ్డకు నేను పేరు పెట్టుకోకూడదా? అమ్మేటప్పుడు ఇంట్లో కడుపుతో ఒకతుందని గుర్తు రాలేదా నీకు?"

చైతన్య ఫోను తీసుకుని కంపెనీ మనిషికి చేశాడు. వాళ్లెదురుగానే స్పీకరు పెట్టి మాట్లాడాడు. మర్యాదగానే మొదలుపెట్టి, పాట ఆపండి సార్, తీసుకున్నది తిరిగి ఇచ్చేస్తాను అన్నాడు. అవతలి మనిషి అంతకంటే మర్యాదగా విన్నాడు. విని, మీ పాప కూడా తల తిప్పుతోందా, భలే సంగతి చెప్పారు, మేం మనుషుల్ని పంపిస్తాం, పాటగాడి సొంత బిడ్డ మన పేరుకు పలకడం అంటే తర్వాతి ప్రకటనకు అంతకంటే ఏం కావాలి అన్నాడు. చైతన్య చేతిలో ఫోను కాసేపు ఒంటరిగా మాట్లాడుతూనే ఉంది. తర్వాత అతను దాన్ని గోడకేసి కొట్టాడు.

అంతా సద్దుమణిగాక దేవకమ్మ కుర్చీలో కూర్చుంది. బడిలో పిల్లలకు ఎక్కం చెప్పినట్టు నిదానంగా చెప్పింది. ఆ పేరు మనిషిది కాదు. దానికి ఒళ్లు లేదు. ఒళ్లు లేని పేరు దిక్కులేక తిరుగుతూ, దొరికిన ఉయ్యాల్లో దూరుతోంది. ఎవరో ఒకరు దాన్ని ఒంటిమీదికి తీసుకుంటే పసిబిడ్డల్ని వదిలిపెడుతుంది.

"నేనే తీసుకుందామనుకున్నా. పాడేది నేనే, పలికేదీ నేనే అయితే అంటుకోదు. ఎదుటి చెవి కావాల."

అశ్విత ముందుకు వచ్చింది. చైతన్య ఆమె చెయ్యి పట్టి పక్కకు జరిపి, బిడ్డ కోసం కట్టి ఉంచిన ఉయ్యాల కింద నేలమీద కూర్చున్నాడు.

"పాడత్తా. ఇచ్చింది నేను గదా."

"పాతది పోతుందిరా. మళ్లీ రాదు."

"పాడు."

ముప్పై ఏళ్ల కిందట ఇదే నోటితో ఆమె చైతన్య అని పాడింది. ఆనాడు వాడు ఎంత వేగంగా తల తిప్పాడంటే, వదిన పగలబడి నవ్వింది. ఇప్పుడు వాడి చెవి పక్కన కూర్చుని దేవకమ్మ పాట ఎత్తుకుంది. కోపంతో మొదలుపెట్టింది, కోపంతోనే ముగించింది. లేకపోతే ముగించలేకపోయేది. పేరు పలికినప్పుడు అతను తల తిప్పాడు. అంతే. కింద అంగట్లో ఎవరో బేరమాడుతున్నారు.

ఆదివారం ఉయ్యాల్లో బిడ్డ హాసిని అనగానే చూసింది. సోమవారం బీబమ్మ మనవడికి మళ్లీ పాడితే, సాహిల్ అని ముగియకముందే చూసి కేరింతలు కొట్టాడు. ఆ పక్కల టింబో డబ్బాలు అంగళ్లలో దుమ్ముపట్టాయి. కంపెనీవాళ్లు మాత్రం ప్రకటన ఆపలేదు, మిగతా జిల్లాల్లో బాగానే పోతోందట.

మేనల్లుడిని ఇప్పుడు చైతన్య అని ఎంత పిలిచినా వినపడదు. తల్లి పిలిచినా అంతే. అశ్విత మొదట్లో భుజం తట్టి పిలిచేది. అన్నం వడ్డించేటప్పుడు, వీధిలో ప్రమాదంగా బండి వచ్చేటప్పుడు భుజం అందదు కదా. పళ్లు బిగించి ఆ డబ్బా పేరుతోనే పిలవడం నేర్చుకుంది.

మొన్న ఆత్మకూరులో ఒక రిసెప్షనుకు డీజే బదులు ఆర్కెస్ట్రా పెట్టించారు. ఆటోలు తోలే పిల్లలు కూడా వాయించడానికి వచ్చారు. దేవకమ్మ ముందు వరసలో కూర్చుంది. చైతన్య తాను సొంతంగా కట్టిన పాట పాడాడు. మంచి పాట. పదాలు నల్లరేగడిలో నాగలి దిగినట్టు దిగుతున్నాయి. జనం ప్లేట్లు పక్కనపెట్టి వింటున్నారు. రెండో చరణం నడుమ, రోడ్డవతల టీ అంగట్లో టీవీ మోగింది. కొండ దిగి ఎండొచ్చి గడపలో నిలిచె... ఏమని చెప్పుదునే టింబో.

చైతన్య ఆగాడు. మైకు స్టాండుకు తగిలించి, మెట్లు దిగి, కుర్చీల నడుమ నుంచి నడుచుకుంటూ పోయి, రోడ్డు దాటి, టీవీ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. వేదిక మీద వాయిద్యాలు కాసేపు అతని కోసం తిరిగిన చోటే తిరిగి ఆగిపోయాయి.

పెళ్లివారి తరఫు పెద్దమనిషి ఒకాయన విసుక్కున్నాడు. ఈ పాటగాళ్లతో ఇదే తంటా, తాగి వస్తారు అన్నాడు.

దేవకమ్మ లేచి అతని వైపు తిరిగింది.

"తాగలేదయ్యా. వాణ్ణి పిలిచినారు, పొయ్యినాడు."