ఇంటి నంబరు 4-2-17

పెళ్ళయి గద్వాలకు వచ్చిన కొత్తలో సుమనకు అన్నింటికంటే ముద్దొచ్చింది ఇంటి నంబరు. తలుపు పక్కన గోడకు కొట్టిన నీలం రేకు మీద తెల్లటి అంకెలు: 4-2-17. వనపర్తిలో ఉన్న అమ్మకు రాసినా, డిగ్రీ స్నేహితురాలు పద్మకు రాసినా, ముందు ఆ చిరునామా రాసి, కింద గీత గీసి, కాసేపు చూసుకునేది. ఒకసారి కిరాణా చిట్టీ మీద కూడా రాస్తే భర్త చంద్రశేఖర్ చదివి, ఉప్పు, చింతపండు పోస్టులో వస్తాయా అని అడిగాడు. ఆమె రెండు రోజులు తలుచుకుని తలుచుకుని నవ్వింది.

అప్పట్లో ఆమెకు నవ్వడానికి పెద్ద కారణాలు అక్కర్లేదు. ఇద్దరి పేర్లూ చెక్కించిన రెండు స్టీలు గ్లాసులు చాలు. స్కూటరు వెనుక కూర్చుని జమ్ములమ్మ గుడికి పోతుంటే కొంగు ఎగిరి అతని మొహం మీద పడడం చాలు.

అది రెండువేల ఏడో సంవత్సరం. ఊళ్లో గూడు లేని మనిషి మిగలకూడదని కొందరు కలిసి ఒక సమితి పెట్టుకున్నారు. పత్తి వ్యాపారులు సిమెంటు, రేకులు ఇస్తామన్నారు. మహిళా సంఘాల వాళ్లు పునాదులు తవ్వుతామన్నారు. స్థలం సర్కారుది. మల్దకల్ తోవలో పన్నెండు గదులు లేవాలి. కార్యదర్శి సామ్యూల్ సార్, చంద్రశేఖర్ పనిచేసే బడిలోనే లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. ఒక రోజు ఇంటికి వచ్చి చాయ తాగుతూ సుమన చేతిరాత చూశాడు. మరుసటి రోజు నుంచి సమితి కాగితాలన్నీ ఆమె చేతి మీదుగానే పోయాయి. ఊరంతా తిరిగి, ఇల్లు లేని వాళ్ల పేర్లు రాసుకురావడం కూడా ఆమె పనే అయింది.

రైలు స్టేషన్ దగ్గర పాత గూడ్సు షెడ్డు వరండాలో బసవయ్య, మైసమ్మ ఆమెకు అలా దొరికారు. మూడు ఇటుకల పొయ్యి, ఒక ట్రంకు పెట్టె, తాడు మీద ఆరేసిన రెండు బట్టలు, అంతే సంసారం. ఇరవై రెండేళ్లు వలసపోయిన మనుషులు. పుణెలో, బొంబాయిలో మేడలు కట్టే చోట ఆయన తాపీ పట్టాడు, ఆమె తట్ట మోసింది. పిల్లలు నిలవలేదు. చేత కాకుండా అయ్యాక తిరిగొస్తే, సొంత ఊళ్లో వాళ్ల మట్టి గోడలు ఏనాటి వానకో కరిగిపోయి, ఆ జాగాలో అన్న కొడుకుల ఎడ్లు కట్టేసి ఉన్నాయి. ఆ ఎడ్లను చూసి ఇద్దరూ గద్వాల బస్సెక్కారట.

బసవయ్యకు దగ్గు. దగ్గు మధ్యలోనే హాస్యం.

“మేం పండుకోని మేడ లేదు బిడ్డా. పదో అంతస్తుల గూడ పండుకున్నం. తలుపులు పెట్టేదాక అన్నీ మా ఇండ్లే,” అన్నాడు.

“తలుపు పెట్టంగనే ఎల్లగొట్టేటోళ్లు,” అంది మైసమ్మ. “ఈయనేమో ఆ తలుపు సరిగ్గ కూసుందా లేదా అని ఎనకకు తిరిగి సూసెటోడు.”

సుమన నవ్వి, తర్వాత నవ్వినందుకు సిగ్గుపడింది. ఈసారి తలుపు పెట్టినా మిమ్మల్ని ఎవరూ పంపరని, వానలకు ముందే గది వస్తుందని మాట ఇచ్చింది. బసవయ్య, గదికి కిటికీ ఉంటుందా అని ఒక్కటే అడిగాడు.

సమితి జాబితాలో ఎక్కాలంటే రేషన్ కార్డు ఉండాలి. రేషన్ కార్డు రావాలంటే చిరునామా ఉండాలి. గూడ్సు షెడ్డుకు నంబరు లేదు. దరఖాస్తు కాగితం ట్రంకు పెట్టె మీద పెట్టుకుని సుమన ఆ ఖాళీ గడి దగ్గర ఆగింది. తర్వాత, అమ్మకు ఉత్తరం మొదలుపెట్టినంత హాయిగా, గుండ్రంగా రాసింది: 4-2-17. అలవాటుకు కింద గీత కూడా గీసింది.

అది చెప్పినప్పుడు సామ్యూల్ సార్ మెచ్చుకున్నాడు. చంద్రశేఖర్ ఆ సాయంత్రం జిలేబీ తెచ్చి, ఇంట్లో ఇద్దరు మనుషులను పెంచావు, నాకో మాట చెప్పాల్సింది అని ఏడిపించాడు. కార్డు వచ్చింది. మైసమ్మ దాన్ని పాలకవరులో చుట్టి బొడ్లో దోపుకుంది.

మే నెలలో సమితిలో గొడవయింది. పాన్‌గల్‌లో మేడ ఉన్న ఒకాయన జాబితాలో పేరు రాయించుకున్నాడని తెలిసింది. సిమెంటు ఇచ్చిన వాళ్లకు కోపం వచ్చింది. దాంతో అందరూ కూర్చుని గట్టి నియమం పెట్టారు: ఏ సర్కారు కాగితంలోనైనా పక్కా ఇంటి నంబరు ఉంటే ఆ పేరు కొట్టేయాలి. దాన్ని శుభ్రంగా తిరగరాసింది సుమనే. రాస్తున్నప్పుడు ఆమె మనసంతా సాయంత్రం కట్టుకోబోయే చీర మీద ఉంది. ఒక్క క్షణం కూడా బసవయ్య గుర్తుకు రాలేదు.

జూన్ మొదటి వారంలో పన్నెండు పేర్లు గోడకు అంటించారు. పైనుంచి కిందికి, కింది నుంచి పైకి చదివినా బసవయ్య పేరు లేదు. సామ్యూల్ సార్ కళ్లజోడు తీసి తుడుచుకుంటూ చెప్పాడు. కార్డు ప్రకారం బసవయ్య ఉండేది 4-2-17లో, అంటే పక్కా స్లాబు ఇంట్లో. సార్ సమితిలో తగాదా పడ్డాడు, బతిమాలాడు. ఒకరికి సడలిస్తే పాన్‌గల్ ఆయన మళ్లీ వచ్చి కూర్చుంటాడని మిగిలిన వాళ్లన్నారు. వాళ్లదీ తప్పు కాదు. ఆ కార్డు తీసేయించి కొత్తది రాయిస్తే తర్వాతి విడతలో చూస్తారు. దానికి నాలుగైదు నెలలు.

“అప్పటిదాక వాళ్లు యాడుంటరు సార్?” అంది సుమన.

ఆయన నేల చూస్తూ, “నువ్వు రాసిన కాడనే ఉంచుకో సుమనమ్మా. నాల్గు నెలలు ఆ రాసిన మాటను నిజం చేయి,” అన్నాడు.

ఇంటి ముందు వసారా ఉంది. ఒక పక్క తడిక కడితే ఇద్దరు ముసలివాళ్లకు చాలు. సుమన దారి పొడవునా మనసులో ఆ తడిక కట్టేసింది, కిటికీ కూడా పెట్టేసింది.

ఇంటికి వచ్చి చెబితే, అత్త బియ్యంలో రాళ్లు ఏరుతూ అంతా విన్నది. కోప్పడలేదు. అది సుమనకు ఇంకా కష్టమైంది.

“మనిషి దగ్గుతుండు అంటివి గద?”

“అవును అత్తమ్మా.”

“పెండ్లయిన ఇల్లు. ఏడాది తిరగలే. ఆయనకేమన్న అయితే?” చేట పక్కన పెట్టింది. “నేను ఈ ఇంట్ల కాలు పెట్టిన మూడో నెలల మా అత్త పోయింది. అత్తను మింగింది అన్నరు, పదేండ్లు నన్ను పేరు పెట్టి పిలవలే ఎవరు. పెండ్లికి పోతే ఎనక నిలబెట్టిన్రు. నిన్ను గట్ల అననియ్య బిడ్డా. నా పాణం పోయినా అననియ్య.”

చంద్రశేఖర్ అద్దెకు గది వెతికాడు. నాలుగు వీధులు తిరిగాడు. దగ్గే మనిషి అనగానే, ఎవరైనా పోతే మా ఇంట్లోంచి శవం లేవాలా అని ఇంటి వాళ్లు తలుపు వేసుకున్నారు. అతను వచ్చి మంచం మీద కూర్చుని, అమ్మతో ఇంకోసారి మాట్లాడనా అని అడిగాడు.

సుమన జవాబు చెప్పడానికి నోరు తెరిచింది. వసారా పక్కనే తామిద్దరూ పడుకునే గది. గోడకు ఆవల రాత్రంతా దగ్గు. పొద్దున తలుపు తీయగానే ఆ ట్రంకు పెట్టె, ఆ తాడు. పేరంటాలకు వచ్చిన వాళ్ల చూపులు. అవన్నీ ఒక్కసారిగా కనిపించాయి. అత్త వద్దన్నప్పుడు తన లోపల ఎక్కడో ఏదో సడలి, ఊపిరి ఆడినట్టయిన సంగతి కూడా అప్పుడే తెలిసింది.

“వద్దులెండి, అత్తమ్మ మనసు కష్టపెట్టుడెందుకు,” అంది.

అతను సరే అన్నాడు. అంత త్వరగా సరే అన్నందుకు ఆమె అతని మీద కోపం తెచ్చుకుందామని చూసింది. రాలేదు.

మర్నాడు షెడ్డుకు పోయి చెప్పింది. గది ఆలస్యమవుతుందని మాత్రమే చెప్పగలిగింది. ఆ నంబరే గదికి అడ్డం పడ్డ సంగతి సామ్యూల్ సార్ వాళ్లకు ముందే చెప్పాడట. బసవయ్య చేయి ఊపి, “నువ్వు మంచికే రాస్తివి బిడ్డా,” అన్నాడు. ఆ మాట బదులు తిట్టి ఉంటే బాగుండుననిపించింది.

జూలైలో ముసురు పట్టింది. షెడ్డు రేకుల్లో సగం ఎప్పుడో ఎగిరిపోయాయి. సుమన ప్లాస్టిక్ పట్టా, దుప్పటి పంపింది. మల్దకల్ తోవలో పన్నెండు గదులకు తలుపులు పెట్టిన వారమే బసవయ్య దవాఖానలో పోయాడు. సామ్యూల్ సార్, సంఘం ఆడవాళ్లు కలిసి మట్టి చేశారు. సుమన పోలేదు. పెళ్ళయిన ఏడాది, పోకూడదన్నారు. పోకపోవడానికి ఆ సాకు దొరికినందుకు ఆ పూటంతా ఆమె తల ఎత్తలేకపోయింది.

పన్నెండు రోజుల తర్వాత, మధ్యాహ్నం, మైసమ్మ ఇంటి ముందు నిలబడింది. నుదుట బొట్టు లేదు. గడపకు నాలుగడుగుల దూరంలో, తనకు తానే ఆగిపోయింది.

“దవాఖాన కాయిదం ఇచ్చిన్రు. జర చదివి చెప్పు బిడ్డా.”

మరణ ధ్రువీకరణ పత్రం. సుమన గడప లోపలే నిలబడి చేయి చాపి తీసుకుని చదివింది. పేరు బసవయ్య. వయసు అరవై రెండు. నివాసం 4-2-17, గద్వాల. దవాఖానలో కార్డు చూసి ఎక్కించారు.

“మీ ఇంటి నంబరే గద. గుమాస్తా చెప్పిండు,” అంది మైసమ్మ.

సుమన గబగబా చెప్పుకుపోయింది. కార్డు వెంటనే తీసేయిద్దామంది. కొత్తది రాయిస్తానంది, ఒంటరి ఆడమనిషికి ముందు ఇస్తారంది, తర్వాతి విడతలో మొదటి పేరు పెట్టిస్తానంది.

మైసమ్మ అన్నీ విని తల అడ్డంగా ఊపింది. “వద్దు బిడ్డా. తీసెయ్యకు. ఆయన పేరు దాంట్లనే ఉంది. ఇంటి నంబరు తోటి ఆయన పేరు ఎన్నడన్న రాసిన్రా? ఉండనీ.”

కాగితం పాలకవరులో పెట్టుకుంది. వెళ్లబోయి ఆగింది.

“ఏదది? యాడ రాసున్నది?”

సుమన నీలం రేకు చూపించింది. మైసమ్మ దగ్గరికి వచ్చి, గడప తొక్కకుండా పక్కకు జరిగి, అంకెల మీద ఒక్కొక్కదాని మీద వేలు పెట్టింది. తర్వాత అరచేయి రేకు పక్కన గోడకు ఆనించింది. పైకి, కిందికి, ఒక మూలకు జరిపి చూసింది. తట్ట మోసిన కాలం అంతా బసవయ్య గోడలు సరిచూస్తుంటే పక్కనుండి నేర్చుకున్న చూపు.

“గోడ మంచిగ లేపిన్రు. నిలువు తప్పలే,” అంది.

లోపలి నుంచి అత్త, ఎవరని అడిగింది. మైసమ్మతో లోపలికి రా అనాల్సిన మాట సుమన నోట్లోనే ఉంది. మైసమ్మ వీధి మలుపు తిరిగేదాకా ఆ మాట అక్కడే ఉంది.