పేరు లేకుండా దాచుకోదు

బావకు కోపం వస్తే ముందు నోరు లేస్తుంది, బుద్ధి ఆ తరవాత ఎప్పుడో తీరిగ్గా వస్తుంది. ఆ సంగతి అక్కకు తెలుసు, నాకు తెలుసు. మా ముగ్గురి ఆఫీసులో ప్రోగ్రాములు రాసిపెట్టే ఏఐకి మాత్రం తెలియదు.

మొదట్లో దానికి వట్టి మతిమరుపు. నిన్న చెప్పిందంతా ఇవాళ మళ్ళీ మొదటినుంచి చెప్పాలి. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు ఎన్నాళ్ళని ఊదను? విసిగిపోయి దానికి జ్ఞాపకం నేనే కట్టాను. మేం ఏమన్నా దాచుకుంటుంది, అవసరమైతే వెతికి తీస్తుంది. ఒక్కటే షరతు పెట్టాను: ఎవరన్నారో, ఎవరు చేశారో పేరు లేనిదే ఏ మాటా దాచుకోదు.

ఆ తరవాతే నా ప్రోగ్రాముకు దయ్యం పట్టింది. పళ్ళ డాక్టరు కోసం నేను రాసిన అపాయింట్‌మెంట్ల ప్రోగ్రాము సాయంత్రం చక్కగా ఉండేది. పొద్దున ఏఐ అంతా సరిచూశాక చూస్తే ఒకే టైముకు ఒకే కుర్చీకి ఇద్దరు రోగులు! డాక్టరు ఫోన్లో బావ మీద అరిచాడు, బావ నామీద అరిచాడు.

"ఒళ్ళు దగ్గర పెట్టుకుని రాయొచ్చుగా! ఇక ఈ పని నీకొద్దు, నేను చూసుకుంటా."

అక్క తల వంచుకుంది. అది చూసి నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ ప్రోగ్రాము మొదటి అక్షరం నుంచి నాది.

వాళ్ళిద్దరి ముందే ఏఐని అడిగాను, నేను రాసింది ఎవరు మార్చారని. తానే మార్చానంది. ఎందుకో కూడా వెతికి చూపించింది: 'మా మరదలు రాసిందేదీ నమ్మకు, కనబడితే మార్చెయ్.' పక్కన బావ పేరు. ఆ మాట అన్నది, ఏసీ తగ్గించమని నేనూ బావా పోట్లాడుకున్న రోజు.

"కోపంలో ఏదో అన్నానే, అప్పుడే మర్చిపోయా," అని నవ్వాడు బావ.

"నువ్వు మర్చిపోయావు, అది మర్చిపోలేదు. తిట్లు తిన్నది నేను."

"సర్లే, ఆ మాట తీసెయ్. గోరంత దాన్ని కొండంత చెయ్యకు."

"తియ్యను. కొత్త మాట నువ్వే చెప్పు."

గొణుక్కుంటూ టైపు చేశాడు: 'పొరపాటు జరిగింది. ఇకనుంచి మా మరదలు రాసింది మార్చకు.'

'పొరపాటు ఎవరిది? పేరు చెబితే దాచుకుంటాను,' అంది ఏఐ.

బావ నావైపు చూశాడు. అక్కవైపు చూశాడు.

అక్క అప్పటికే ఫోను చేతిలోకి తీసుకుంది. "రాయండి," అంది. "డాక్టరుగారికి కలుపుతున్నా. ఆయనకూ అదే పేరు చెప్పండి."