పచ్చబూజుకు ఎదురు నిలిచిన సంచి

ఇల్లందు దగ్గరి తండాలో లాలి రెండేళ్లుగా పుట్టగొడుగులు పెంచుతోంది. ఉడకబెట్టిన వరిగడ్డిని ప్లాస్టిక్ సంచుల్లో కూరి, పొరపొరకూ విత్తనం చల్లి, రేకుల షెడ్డులో వేలాడదీస్తుంది. రెండు వారాల్లో సంచి నిండా తెల్లని పోగులు అల్లుకుంటాయి. పుట్టగొడుగులు పుట్టేది ఆ పోగుల్లోంచే.

ఈ వానాకాలం వాటికి పచ్చబూజు పట్టింది. పుట్టగొడుగుల తెల్లపోగూ ఒక రకం బూజే; అలాంటి సాటి బూజును చుట్టుకుని తినేసే రకం ఈ పచ్చబూజు. నలభై సంచుల్లో పదమూడు రెండు రోజుల్లోనే పచ్చబడ్డాయి. లాలి భర్త హాతీరాంతో కలిసి వాటిని చేను చివర పూడ్చి, షెడ్డంతా కడిగింది.

ఐదో రోజు షెడ్డు మూల వేలాడే గోనెపట్టా వెనక మరో సంచి కనబడింది. కింది సగం పచ్చన, పై సగం తెల్లన. మధ్యలో గోధుమరంగు గీత.

"ఇంకా చూస్తవేంది? జల్దీ పారెయ్," అన్నాడు హాతీరాం.

"ఆగు. గిదెందుకు సగంల ఆగింది?"

దాన్ని షెడ్డుకు దూరంగా, ఇంటి వెనక చూరుకు కట్టి, గీత వెంట సంచి మీద పెన్నుతో గుర్తు పెట్టింది లాలి. మూడు రోజులైనా పచ్చదనం ఆ గుర్తు దాటలేదు. గీత మాత్రం ముదిరింది.

ఆదివారం పుట్టగొడుగుల కోసం వచ్చిన ఆరిఫాకు ఆ సంచి చూపించింది. ఆరిఫా ఇల్లందులో కాలేజీ లెక్చరర్, వృక్షశాస్త్రం చెబుతుంది.

"లాలక్కా, ఈ తెల్లపోగు కొట్లాడుతున్నది!"

"కాళ్లూ చేతులూ లేనిది ఎట్ల కొట్లాడతది మేడమ్?"

"పచ్చబూజు దీన్ని కరిగించే రసాలు వదులుతది. ఇది ఎదురు రసాలు వదిలి, పోగులు దగ్గరగ నేసి గోడ కట్టుకుంటది. ఈ గీత గదే."

"మరి ఆ పదమూడు?"

"పోగు అల్లుకోకముందే దెబ్బ పడ్డదేమో. లేకుంటే దీనికే బలం ఎక్కువేమో. చూస్తెగాని చెప్పలేను."

పై కొసన చిన్న ముక్క కోసి, గాజుగొట్టంలో వేసుకుని వెళ్లింది ఆరిఫా. మూడు వారాల తర్వాత లాలిని కాలేజీకి పిలిపించింది. గాజుపళ్లెంలో ఒకవైపు ఆ తెల్లపోగు, మరోవైపు పచ్చబూజు. నడుమ మళ్లీ అదే గీత. మైక్రోస్కోపులో కన్ను పెట్టిన లాలి చాలాసేపు తల ఎత్తలేదు. పోగు మీద పోగు, అడుగు వెనక్కి వేయకుండా పేనుకుని ఉన్నాయి.

"ఇన్ని దినాలు దీన్ని ఉత్త కూరనుకున్న మేడమ్," అంది మెల్లగా.

ఆ పోగునే ఉడికించిన జొన్నల మీద పెంచి, ఆరిఫా కొత్త విత్తనం చేసి ఇచ్చింది. లాలి ముందుగా నాలుగు సంచులు కట్టింది. నాలుగూ ఎక్కడా పచ్చ తగలకుండా తెల్లగా అల్లుకున్నాయి.